‘నాకు రాదు’ అనిపించిన రోజున నవలలో ఒక పేజీ రాయడం ఎలా

గుంటూరు అరండల్‌పేటలో పదహారేళ్లుగా డీటీపీ చేస్తున్నాను. పెళ్లి కార్డులు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రికార్డులు, వాటి మధ్యలో అప్పుడప్పుడూ కథల పుస్తకాలు, నవలలు. ఇప్పటిదాకా ఇతరుల నవలలు పదకొండు నా చేతి మీదుగా అచ్చుకి వెళ్లాయి. పన్నెండోది నాది కావాలని నాలుగేళ్లుగా రాస్తున్నాను. రెండో ప్రతిలో 143వ పేజీ దగ్గర ఉన్నాను. ఈ నాలుగేళ్లలో ‘ఇది నావల్ల కాదు’ అని మూడుసార్లు ఆపేశాను. ఒకసారైతే ఎనిమిది నెలలు. మళ్లీ ఎలా మొదలుపెట్టానో చెప్తాను. మొదటి నవల మధ్యలో ఆగిపోయి ఉన్నవాళ్లకి పనికొస్తుందని నా నమ్మకం.

పుస్తకం కొనుక్కుని చదివేవాళ్లకి కనపడనిది నాకు కనపడుతుంది. అది రాతప్రతి. మంచి పేరున్న రచయిత ఒకరు తెచ్చిన ప్రతిలో మొదటి అధ్యాయం మొత్తం మీద అడ్డంగా గీత కొట్టి ఉంది. కొన్ని పేజీల్లో పాత పేరా మీద కొత్త కాగితం ముక్క అంటించారు. టైపు చేసి ఇస్తే మొదటి ప్రూఫ్ ఎర్ర ఇంకుతో నిండిపోయి వచ్చింది. రెండో ప్రూఫ్‌లో మళ్లీ పేరాలు మారాయి. మూడోసారి చివరి పేజీ మార్చారు. మీరు షాపులో కొనేది ఇదంతా అయ్యాక వచ్చిన పుస్తకం. మీ మొదటి ప్రతిని తీసుకెళ్లి దాని పక్కన పెట్టుకుంటే చెయ్యి ఆడదు. అందుకే నేను రాసుకునే బల్ల మీద అచ్చయిన నవల ఉంచను. తెల్లవారుజామున ఐదింటికి రాస్తాను, నవలలు రాత్రి పడుకునే ముందు చదువుతాను. ఈ రెండింటి మధ్య ఒక పగలంతా గడవడం నాకు చాలా మేలు చేసింది.

ఇక అసలు పద్ధతి. ‘నాకు రాదు’ అని ఊరుకుంటే చేయడానికి ఏమీ దొరకదు. ‘ఏది రావడం లేదు?’ అని అడగాలి. నోటుబుక్ చివరి పేజీ తీసి, తేదీ వేసి, ఒక్క వాక్యంలో రాయండి. నిరుడు మార్చిలో నేను రాసుకున్నది ఇది: ‘ముగ్గురు ఆడవాళ్లు మాట్లాడుకుంటుంటే ఏ మాట ఎవరిదో నాకే తెలియడం లేదు.’ అలా రాసుకునేసరికి గుండెల మీద బరువు కాస్త తగ్గింది, ఎందుకంటే దానికి చేయగలిగిన పని ఉంది.

నా నవల మిరపకాయల పనికి వెళ్లే ఆడవాళ్ల గురించి. కోల్డ్ స్టోరేజీ పక్కన షెడ్డులో కూర్చుని తొడిమలు తీసే ముగ్గురి మధ్య మాటలు నడవాలి. మొదట ప్రతి మాట చివరా ‘అంది కోపంగా’, ‘అంది నవ్వుతూ’ అని పెట్టుకుంటూ పోయాను. తర్వాత అవన్నీ కొట్టేసి, ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారో ముందు తేల్చుకున్నాను. చిన్నది పెద్దామెను ‘అత్తా’ అంటుంది. మధ్యామె అదే మనిషిని ‘వదినా’ అంటుంది. పెద్దామె చిన్నదాన్ని ‘అమ్మే’ అంటుంది, మధ్యామెను మాత్రం పేరు పెట్టి పిలుస్తుంది, ఎందుకంటే పాత తగాదా ఒకటుంది. ఆ పిలుపులు కుదిరాక ‘అంది’ల అవసరమే చాలా వరకు పోయింది. మన భాషలో వరసలు ఉన్నది మన అదృష్టం. ఒక్క పిలుపులో వయసు, చుట్టరికం, చనువు, అలక అన్నీ వచ్చేస్తాయి. సంభాషణలు రావని బాధపడేవాళ్లు ముందు ఈ వరసల పట్టిక రాసుకోండి. నాకు వారం పట్టింది. ఆ వారంలో నవల పేజీ ఒక్కటి కూడా రాయలేదు, అయినా రాత ఆగినట్టు అనిపించలేదు.

రెండో అనుమానం పెద్దది: ‘నవలంత విషయం నా దగ్గర ఎక్కడుంది?’ నేనూ మూడు తరాల కథ రాయాలనుకునే మొదలుపెట్టాను. అమ్మమ్మ పెళ్లి దగ్గరే నలభై పేజీలు అయిపోయాయి, ఊపిరి ఆడలేదు. అప్పుడు గుర్తు తెచ్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. 1969లో వచ్చిన నవీన్ గారి ‘అంపశయ్య’ ఒక ఉస్మానియా విద్యార్థి జీవితంలో ఒకే ఒక్క రోజు. కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’లో ఒక ముసలివాడు, ఒక పంది, అడవిలో ఒక రాత్రి. రెండూ నిండైన నవలలే. నేను నా కథని ఒక్క సీజన్‌కి కుదించుకున్నాను. జనవరిలో కళ్లాల మీద కాయ ఎండటంతో మొదలు, మేలో మిర్చి యార్డుకి ఎండాకాలం సెలవులు ఇవ్వడంతో ఆఖరు. అమ్మమ్మ పెళ్లి ఇప్పుడు ఆరు వాక్యాల్లో ఉంది. మీ కథకి కూడా ఒక గడువు వెతకండి: ఒక పండగ, ఒక పంట, ఒక కోర్టు వాయిదా, ఒక కాన్పు. గడువు ఉంటే తర్వాత ఏం జరగాలో అదే చెప్తుంది.

భాష గురించి భయపడేవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు. ‘నాది సాహిత్య భాష కాదండీ, ఇంట్లో మాట్లాడే భాష’ అంటారు. మా గుంటూరులో శారదానికేతనం స్థాపించిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు వందేళ్ల కిందట జైల్లో కూర్చుని ‘మాలపల్లి’ రాసింది వాడుకభాషలోనే. ఈ భయానికి నేను ఇంతకంటే జవాబు చెప్పను.

చదివించుకోవడం దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి. మొదట్లో రాసింది రాసినట్టు ఫోన్‌లో ఆరుగురికి పంపేదాన్ని. ‘బాగుంది’ అని ఇద్దరు, జవాబే ఇవ్వనివాళ్లు నలుగురు. ఆ నలుగురి మౌనంతో నాకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు ఒక్కరికే వినిపిస్తాను, మా పిన్నికి. ఆవిడ ముప్పై ఏళ్లు మిరపకాయల పనిలో ఉంది, చదువు రాదు. ‘ఎలా ఉంది?’ అని అడగను. ‘ఎక్కడ అబద్ధం అనిపించింది? ఎక్కడ నీ మనసు వేరే చోటికి పోయింది?’ అని రెండే అడుగుతాను.

మిట్టమధ్యాహ్నం ఎండలో కాయని టిక్కీల్లోకి, అంటే గోనె బస్తాల్లోకి, తొక్కుతున్నట్టు ఒక సీను రాశాను. ఎండ, చెమట, ఘాటు, తుమ్ములు, అన్నీ బాగా వచ్చాయని సంబరపడ్డాను. పిన్ని మధ్యలోనే ఆపింది. ‘ఎండలో ఎవరు తొక్కుతారే? కాయ గలగలలాడతా చిట్లిపోద్ది. తెల్లారగట్ల, మంచుకి మెత్తబడినప్పుడు తొక్కాలి’ అంది. సీను మొత్తం తెల్లవారుజాముకి మారింది. చీకటి, చలి, టార్చిలైటు, చెవులకి గుడ్డలు కట్టుకున్న మనుషులు వచ్చి చేరారు. ఇప్పుడు నవల మొత్తంలో నాకు అన్నిటికంటే నమ్మకం ఉన్న సీను అదే. మీ కథలో ఉన్న పని తెలిసిన మనిషి ఒక్కరు వింటే చాలు. ఆ మనిషి చెప్పే తప్పు సరిదిద్దగలిగిన తప్పు.

ఎనిమిది నెలలు ఆపేసింది ఎప్పుడంటే, ఒక నవలల పోటీకి పంపి, ఫలితాల్లో నా పేరు లేనప్పుడు. ఏడ్చాను. ఫైలు తెరవబుద్ధి కాలేదు. అలాంటప్పుడు వెంటనే కూర్చోమని నేను ఎవరికీ చెప్పను. కొన్నాళ్లు వదిలేయండి, కానీ కాగితాలు చింపకండి, ఫైలు డిలీట్ చేయకండి. మళ్లీ తీసినప్పుడు మొదటి అధ్యాయం జోలికి వెళ్లొద్దు. మీకు బాగా ఇష్టమైన సీను ఒకటి, ఎక్కడున్నా సరే, దాన్ని చేత్తో తిరగరాయండి. నేను తూకం దగ్గర గొడవ సీను తిరగరాశాను. పది లైన్లు రాసేసరికి, కథ అసలు ఇక్కడే మొదలవుతుందని తెలిసింది. దాని ముందున్న పన్నెండు పేజీలు పక్కన పెట్టేశాను. అవి దండగ కావు. అవి రాశాను కాబట్టే ఆ మనుషులు నాకు తెలుసు.

రోజువారీ లెక్క చిన్నది పెట్టుకోండి. డెమ్మీ సైజు పుస్తకంలో నేను పేజీకి ముప్పై లైన్లు పెడతాను, లైనుకి ఏడెనిమిది మాటలు. అంటే సుమారు 220 మాటలు. రోజుకి అంతే. వారానికి ఐదు రోజులు రాస్తే 200 పేజీల నవలకి నలభై వారాలు. రాసిన రోజున దిద్దొద్దు. నిన్నటి చివరి పేరా ఒక్కటి చదివి మొదలుపెట్టండి, అంతకంటే వెనక్కి వెళ్తే ఆ ఉదయం దిద్దుబాట్లకే పోతుంది. దిద్దడానికి నేను ఆదివారం పెట్టుకున్నాను. పాత్రల వయసులు, పిల్లల పేర్లు, ఏ సంఘటన ఏ తేదీన జరిగిందో ఒక చార్టు మీద రాసి గోడకి అంటించండి. ‘నాకు కథ నడపడం రాదు’ అని నేను కుమిలిపోయిన రోజుల్లో సగం, నిజానికి కథలో ఫలానా పిల్లకి పదేళ్లా పన్నెండేళ్లా అన్నది మర్చిపోయిన రోజులే.

లేచే ముందు రేపటి పేజీ పైన ఒక లైను రాసిపెట్టండి: ఎవరు, ఎక్కడ, ఏం చేయబోతున్నారు. తెల్ల కాగితం ముందు కూర్చోవడం నాకు ఇప్పటికీ టెన్షనే, ఆ లైను ఉంటే చెయ్యి కదులుతుంది. ఇవాళ నేను రాసిపెట్టుకున్నది ఇది: ‘కాటా దగ్గర చిన్నది మొదటిసారి గుమాస్తాకి ఎదురు చెప్తుంది. పెద్దామె దాని చెయ్యి పట్టుకుని ఆపుతుందా, ముందుకు తోస్తుందా?’