హార్డ్‌వేర్ వాలెట్ ఇంటికొచ్చిందా? డబ్బు వేసే ముందు ఇవి చూసుకోండి

బెంగళూరులో మారతహళ్లి పీజీల్లో, బెళ్లందూరు అపార్ట్‌మెంట్లలో ఉండే మనవాళ్లకు పార్సెల్ నేరుగా చేతికి రావడం తక్కువ. మనం ఆఫీసు నుంచి వచ్చేదాకా గేటు దగ్గర సెక్యూరిటీ టేబుల్ మీదే ఉంటుంది. చెప్పుల జత అయితే ఫర్వాలేదు. క్రిప్టో తాళాలను దాచుకునే చిన్న పరికరం, అదే హార్డ్‌వేర్ వాలెట్ అయితే డబ్బా విప్పేటప్పుడు తప్పకుండా వీడియో తీయండి. కంపెనీ సైట్‌లో కాకుండా ఎక్కడో చవగ్గా కొని ఉంటే ఇంకా జాగ్రత్త. సెకండ్ హ్యాండ్ అయితే అసలు వద్దు.

సీల్ బాగుంది కదా అని నమ్మేయకండి. ఈ వాలెట్లు చేసే లెడ్జర్ కంపెనీ అసలు సీలే వేయదు. ఇంకో కంపెనీ ట్రెజర్ చేసే సేఫ్ 3 వాలెట్‌కి యూఎస్‌బీ పోర్టు మీద హోలోగ్రామ్ స్టిక్కర్ ఉంటుంది. అది చిరిగి ఉంటే వాడొద్దు. చిరగకపోయినా అసలుదేనని చెప్పలేం. 2023లో సైబర్ భద్రతా సంస్థ కాస్పర్‌స్కీ పరిశీలించిన నకిలీ ట్రెజర్ మోడల్ టీ మీద హోలోగ్రామ్ చెక్కుచెదరలేదు, లోపల చిప్ మాత్రం మార్చేశారు. వాలెట్ పోయినా డబ్బు తిరిగి తెరిచే రహస్య పదాలను రికవరీ పదాలంటారు, అవి ఎవరి దగ్గరుంటే డబ్బు వాళ్లదే. ఆ నకిలీ వాలెట్ చూపించే పదాలు దొంగలు ముందే సిద్ధం చేసుకున్న 20 వరసల్లోంచి వచ్చేవి. పాపం, కొన్నవాళ్లు ఆ పదాలు రాసుకున్న కాగితాన్ని బీరువాలో దాచుకున్నా ఏం లాభం?

అందుకే కంపెనీ యాప్‌తోనే పరీక్షించాలి. గూగుల్ ప్రకటన నొక్కకుండా కంపెనీ సైట్ అడ్రస్ మీరే టైప్ చేసి యాప్ దింపుకోండి. లెడ్జర్ యాప్ లోపలి చిప్‌ను ప్రశ్నించి అసలుదో కాదో తేలుస్తుంది. కొత్త ట్రెజర్‌లో ఫర్మ్‌వేర్ (వాలెట్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) ఉండకూడదు, మనమే ఎక్కించుకోవాలి. ముందే ఉందంటే అక్కడే ఆపేయండి.

డబ్బాలో పదాలు రాసిన కార్డుగానీ, గీకి చూసే కార్డుగానీ, ముందే పెట్టిన పిన్‌గానీ ఉంటే అది మోసమే. నాకు ఎక్కువ భయం ఉత్తరాల గురించే. 2020లో సుమారు 2.7 లక్షల మంది లెడ్జర్ కస్టమర్ల చిరునామాలు బయటపడ్డాయి. మరుసటి ఏడాది కొందరికి 'భద్రత కోసం మీ వాలెట్ మారుస్తున్నాం' అన్న ఉత్తరంతో నకిలీవి ఇంటికే వచ్చాయి. మీరు ఆర్డర్ పెట్టకుండా వచ్చినదాన్ని కంప్యూటర్‌కు తగిలించొద్దు. రికవరీ పదాలను కంప్యూటర్‌లోగానీ ఫోన్‌లోగానీ ఎవరడిగినా కొట్టొద్దు.

అన్నీ సరిపోయాక చిన్న మొత్తం పంపండి. వాలెట్‌ను రీసెట్ చేసి, మీ కాగితం మీది పదాలను వాలెట్‌లోనే ఎక్కించండి. పాత అడ్రసూ బ్యాలెన్సూ తిరిగి కనిపిస్తే మిగతాది వేయొచ్చు. ఈలోపే పెద్ద మొత్తం వేసేసి, ఇప్పుడు అనుమానం వస్తే, కంపెనీ జవాబు కోసం ఆగకండి. వేరే వాలెట్‌లో కొత్త పదాలతో ఖాతా తెరిచి ముందు డబ్బు అక్కడికి మార్చండి. ఇప్పటికే పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.