షికాగో శివార్లలో ఇల్లు: ఊరి పేరు కాదు, అడ్రసు చూడండి

షికాగోకు బదిలీ అనగానే తెలుగువాళ్ల నోట ముందు వచ్చే పేరు నేపర్‌విల్. ఆ తర్వాత అరోరా, షామ్‌బర్గ్, బఫలో గ్రోవ్, వెర్నన్ హిల్స్. వీటిలో ఏ ఊరు మంచిదని ఎంతమందిని అడిగినా తేలదు. ఇక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలో ప్రభుత్వ బడులు నడిపే సంస్థ), కౌంటీ (మన జిల్లా లాంటిది), పార్క్ డిస్ట్రిక్ట్ (పార్కులు చూసుకునే సంస్థ), నీటి సరఫరా దేని హద్దు దానిదే. ఊరి హద్దుతో వాటికి పని లేదు. నేపర్‌విల్ రెండు కౌంటీల్లో ఉంది, అరోరా నాలుగు కౌంటీల్లో పరుచుకుంది. అందుకే ఊరు ఎంచుకుని ఇల్లు వెతకడం కంటే, నాలుగైదు ఇళ్ల అడ్రసులు పట్టుకుని ఒక్కోదాని లెక్క తీయడం మేలు.

సరస్సు ఒడ్డున కాపురం అని ఊహించుకుని వచ్చేవారికి ముందే ఒక మాట. మిషిగన్ సరస్సును ఆనుకుని ఉండే ఎవాన్‌స్టన్, విల్‌మెట్, విన్నెట్కా ఊళ్లలో ఇళ్ల ధరలు బాగా ఎక్కువ. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే పడమటి శివార్లు డౌన్‌టౌన్‌కు పాతిక, ముప్పై మైళ్ల దూరం. అక్కడికి సరస్సు గాలి పెద్దగా అందదు, వేసవి ఎండ మాత్రం అందుతుంది. సరస్సు వల్ల కురిసే అదనపు మంచు ఎక్కువగా ఇండియానా, మిషిగన్ వైపు పడుతుంది కాబట్టి ఆ భయం అక్కర్లేదు.

మొదట చూడాల్సింది ఆఫీసు. ఆఫర్ లెటర్‌లో షికాగో అని ఉన్నంత మాత్రాన అది డౌన్‌టౌన్‌లో ఉంటుందని కాదు. ఆబట్, ఆబ్‌వీ లాంటి మందుల కంపెనీలు ఉత్తరాన లేక్ కౌంటీలో ఉన్నాయి. నేపర్‌విల్ నుంచి అక్కడికి నలభై మైళ్ల పైమాటే, అదీ టోల్ రోడ్ల మీద. తెలిసినవాళ్లు ఉన్నారని నేపర్‌విల్‌లో దిగితే రోజూ పొద్దున గంటకు పైగా స్టీరింగ్ ముందే గడుస్తుంది. ఆఫీసు లేక్ కౌంటీలో అయితే వెర్నన్ హిల్స్, బఫలో గ్రోవ్ వైపే చూడండి. గుడి, ఇండియన్ స్టోర్ వారానికి ఒకసారి. ఆఫీసు వారానికి మూడు నాలుగు రోజులు.

ఆఫీసు డౌన్‌టౌన్‌లోనే అయితే మెట్రా రైలును బట్టి ఊరు తేల్చుకోవచ్చు. మెట్రా లైన్లన్నీ డౌన్‌టౌన్ నుంచి చక్రం ఆకుల్లా బయటికి పోతాయి, వేర్వేరు లైన్ల మీదున్న శివార్ల మధ్య నేరుగా రైలు ఉండదు. నేపర్‌విల్, రూట్ 59 స్టేషన్లు బీఎన్‌ఎస్‌ఎఫ్ లైను మీద ఉన్నాయి. రద్దీ వేళల్లో ఎక్స్‌ప్రెస్‌లు ఉంటాయి, యూనియన్ స్టేషన్‌లో దిగుతారు. పాలటైన్, ఆర్లింగ్టన్ హైట్స్ నుంచి యూనియన్ పసిఫిక్ నార్త్‌వెస్ట్ లైను ఓగిల్వీ స్టేషన్‌కు చేరుస్తుంది. బఫలో గ్రోవ్, వెర్నన్ హిల్స్ స్టేషన్లు మాత్రం నార్త్ సెంట్రల్ లైనువి. ఆ లైనులో రైళ్లే తక్కువ, శని ఆదివారాలు అసలు లేవు. సాయంత్రం మీటింగు కాస్త సాగిందంటే తర్వాతి రైలు కోసం చాలాసేపు కాచుకోవాలి. స్టేషన్‌లో కారు పెట్టుకునే పద్ధతి ఊరిని బట్టి మారుతుంది; కొన్నిచోట్ల రోజువారీ రుసుము, కొన్నిచోట్ల పర్మిట్. అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఆ ఊరి వెబ్‌సైటులో చూసుకోండి.

ఇక బడి. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. ఇల్లినాయ్‌లో కొన్ని డిస్ట్రిక్ట్‌లు కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో తరగతి దాకా తామే నడుపుతాయి. మరికొన్ని చోట్ల ఎనిమిది దాకా ఒక డిస్ట్రిక్ట్, హైస్కూలుకు వేరే డిస్ట్రిక్ట్. నేపర్‌విల్‌లో 203, 204 నంబరు డిస్ట్రిక్ట్‌లు రెండూ మొదటి రకం. కానీ ఊరికి దక్షిణాన కొన్ని ఇళ్లు ప్లెయిన్‌ఫీల్డ్ 202 కిందికి వస్తాయి. అరోరా అనగానే వద్దనుకునేవారికి తెలియనిది ఏమిటంటే, 204కు చెందిన మెటీయా వ్యాలీ, వాబాన్సీ వ్యాలీ హైస్కూళ్లు అరోరాలోనే ఉన్నాయి. అరోరా తూర్పు చివరన ఉన్న ఇళ్లలో చాలా భాగం 204లోవే. అదే అరోరాలో మిగతావి చాలావరకు 129, 131, 308 డిస్ట్రిక్ట్‌ల మధ్య పంచుకుని ఉన్నాయి.

బఫలో గ్రోవ్ ఇంకా తికమక. లేక్-కుక్ రోడ్డు రెండు కౌంటీల సరిహద్దు. దానికి ఉత్తరాన, అంటే లేక్ కౌంటీలో ఉన్న ఇళ్లు చాలావరకు స్టీవెన్‌సన్ హైస్కూలుకు (డిస్ట్రిక్ట్ 125), దక్షిణాన ఉన్నవి 214కు వెళ్తాయి. ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు మళ్లీ 96, 102, 21 అని వేర్వేరు. అమ్మకం ప్రకటనలో రాసిన బడి పేరు నమ్మకండి. డిస్ట్రిక్ట్ వెబ్‌సైటులో అడ్రసు కొట్టి చూసి, ఆపైన డిస్ట్రిక్ట్ ఆఫీసుకే ఫోన్ చేసి, ఈ అడ్రసుకు ఏ ఎలిమెంటరీ, ఏ మిడిల్, ఏ హైస్కూల్ అని మూడూ అడగండి. దగ్గరి బడి నిండిపోయి పిల్లల్ని వేరే బడికి బస్సులో పంపుతున్నారా అన్నది కూడా, ముఖ్యంగా కొత్త కాలనీల్లో, అప్పుడే అడగాలి. బడుల గణాంకాలకు రాష్ట్రం నడిపే ఇల్లినాయ్ రిపోర్ట్ కార్డ్ సైటు ఉంది. ఇళ్ల సైట్లలో కనిపించే పదికి ఇన్ని మార్కులు కంటే అది నయం. మనవాళ్లు ఎక్కువగా ఉండే చోటు చూపించమని రియల్ ఎస్టేట్ ఏజెంటును అడగకండి. ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం అలా చూపించడం వాళ్లకు నిషేధం.

మొదటి ఏడాది అద్దెకు ఉండటమే మంచిది. పన్ను సంగతి తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. ఈ శివార్లలో ప్రాపర్టీ ట్యాక్స్ ఇంటి విలువలో ఏటా 2 శాతం దాటడం మామూలే. అంటే 5 లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి 10 వేలకు పైగా. పన్ను ఒక ఏడాది వెనకగా కడతారు: ఈ ఏడాది పన్ను బిల్లు మరుసటి ఏడాది వస్తుంది. కుక్ కౌంటీలో మొదటి విడత కిందటి ఏడాది మొత్తంలో 55 శాతం, అసలు లెక్క రెండో విడతలో తేలుతుంది. అక్కడ ఇళ్ల విలువ మూడేళ్లకోసారి తిరగకడతారు. డుపేజ్, విల్ కౌంటీల్లో మామూలుగా జూన్, సెప్టెంబరుల్లో కడతారు.

ప్రకటనలో కనిపించే పాత పన్ను చూసి నెలవారీ లెక్క వేస్తే రెండు సందర్భాల్లో దెబ్బ తగులుతుంది. ఒకటి, అమ్మేవారు పెద్దవయసువారై సీనియర్ మినహాయింపులు పొందుతుంటే ఆ బిల్లు తక్కువగా ఉంటుంది, అవి మీకు రావు. రెండు, కొత్తగా కట్టిన ఇల్లయితే మొదటి బిల్లు ఖాళీ స్థలం మీద వేసినది. మరుసటి ఏడాది పూర్తి ఇంటి పన్ను పడి, బ్యాంకు ఎస్క్రో (పన్ను, బీమా కోసం నెలనెలా పట్టి ఉంచే ఖాతా) లోటు కింద నెలసరి కిస్తీ ఒక్కసారిగా పెరుగుతుంది. కౌంటీ అసెసర్ సైటులో ఆ ఇంటి అడ్రసు కొట్టి, ఏ మినహాయింపులు ఉన్నాయో తీసేసి లెక్క వేసుకోండి. కొన్నాక మీ పేరున హోమ్‌స్టెడ్ మినహాయింపు (సొంతింట్లో ఉండేవారికి ఇచ్చే పన్ను తగ్గింపు) పెట్టుకోవడం మర్చిపోవద్దు.

నీళ్ల గురించి అడిగేవారు అరుదు కానీ అడగాల్సిందే. షికాగోకు దగ్గరి శివార్లలో చాలావాటికి, పడమట నేపర్‌విల్ దాకా, మిషిగన్ సరస్సు నీళ్లే వస్తాయి. అరోరాకు ఫాక్స్ నది, బావులు. ఓస్వీగో, యార్క్‌విల్, మాంట్‌గొమరీ లోతు బావుల మీద ఆధారపడి ఉన్నాయి. ఆ భూగర్భ జలం తగ్గిపోతుండటంతో అవి సరస్సు నీటికి మారుతున్నాయి; జోలియట్ కూడా 2030 నాటికి మారాలన్న ప్రణాళికలో ఉంది. పైపులు వేసే ఖర్చంతా నీటి బిల్లులోకే ఎక్కుతుంది కాబట్టి, ఆ ఊళ్లలో ఇల్లు చవకగా కనబడితే రాబోయే నీటి చార్జీలు కూడా అడగండి. బావి నీళ్లు గట్టివి, వాటర్ సాఫ్ట్‌నర్ (నీటి గట్టిదనం తగ్గించే పరికరం) లేకుంటే గీజరు, కుళాయిలు తొందరగా పాడవుతాయి. సాఫ్ట్‌నర్‌లో ఉప్పు బస్తాలు ఎప్పటికప్పుడు నింపాల్సిందే.

ఇల్లు చూసేటప్పుడు వంటగది కంటే ముందు బేస్‌మెంట్‌కు దిగండి. మూల గోతిలో నేల కింద ఊరే నీటిని బయటికి తోడే సంప్ పంప్ ఉందా, దానికి బ్యాటరీ బ్యాకప్ ఉందా చూడండి. వసంతంలో కుండపోత వానతో పాటే కరెంటు పోతుంది, బ్యాకప్ లేకుంటే పంప్ ఆగి నేల మునుగుతుంది. మామూలు ఇంటి బీమా దానికి డబ్బులివ్వదు, ప్రత్యేకంగా రైడర్ (అదనపు బీమా) తీసుకోవాలి. నది పక్క ఇల్లయితే ఫీమా (అమెరికా విపత్తు నిర్వహణ సంస్థ) వరద పటం చూడాలి. ఉత్తర ఇల్లినాయ్‌లో నేలలోంచి ఇంట్లోకి చేరి ఊపిరితిత్తులకు హాని చేసే రేడాన్ వాయువు ఎక్కువ. లీటరుకు 4 పికోక్యూరీలు దాటితే తగ్గించే ఏర్పాటు చేయించాలి, ఆ ఖర్చు అమ్మేవారితో బేరమాడవచ్చు. గ్యారేజీ ముఖం ఉత్తరానికి ఉన్న ఇంటి డ్రైవ్‌వే మీద మంచు గడ్డ వారాల తరబడి కరగదు. వాస్తు చూసేవారు ఇది కూడా చూసుకుంటే సరి.

ఇండియా నుంచి పిల్లలతో వచ్చేవారు అక్కడే ముగించుకు రావాల్సిన పనులు రెండు. మునిసిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రంలో బిడ్డ పేరు లేకుంటే మీసేవలో చేర్పించుకోండి, బడిలో అసలు పత్రమే అడుగుతారు. రెండోది టీకాల పుస్తకం. మన ప్రభుత్వ షెడ్యూలులో తొమ్మిదో నెలలో వేసే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) డోసు ఇక్కడ లెక్కకు రాదు, మొదటి పుట్టినరోజు దాటాక వేసినదే చెల్లుతుంది. పైగా ఎంఆర్‌లో గవదబిళ్లల టీకా ఉండదు. ఇల్లినాయ్ బడులకు ఎంఎంఆర్ రెండు డోసులు, వాటి మధ్య కనీసం నాలుగు వారాల ఎడం కావాలి. ఆటలమ్మ టీకా ప్రభుత్వ షెడ్యూలులో లేదు, ఇక్కడ తప్పనిసరి. ఇవి అక్కడే వేయించుకుంటే ఖర్చూ తక్కువ. మిగతా హెల్త్ ఎగ్జామ్, కంటి పరీక్ష వచ్చాక రాష్ట్రం ఫారం మీద చేయించాలి. అక్టోబరు 15 నాటికి టీకాలు, ఎగ్జామ్ కాగితాలు ఇవ్వకుంటే పిల్లల్ని బడిలో కూర్చోనివ్వరు.

బడిలో ఇచ్చే ఇంటి భాష ఫారంలో తెలుగు అని రాస్తే పిల్లలకు ఇంగ్లిషు పరీక్ష పెడతారని కొందరు ఇంగ్లిష్ అని రాసేస్తారు. ఉన్నది రాయండి. పరీక్ష గట్టెక్కితే అక్కడితో ఆగుతుంది, లేకుంటే అదనపు సాయం ఉచితంగా వస్తుంది, అక్కర్లేదనుకుంటే రాతపూర్వకంగా వద్దనవచ్చు.

అద్దె ఒప్పందం జూన్ లేదా జూలైలో ముగిసేలా చూసుకోండి, ఇల్లు మారినా బడి మధ్యలో ఆగదు. నేపర్‌విల్‌లో కరెంటు నగరపాలక సంస్థదే, పక్క ఊళ్లలో కామ్‌ఎడ్ కంపెనీది. మారే ముందే ఖాతా తెరవాలి. చాలా శివార్లలో రాత్రి రెండు నుంచి ఐదు గంటల దాకా రోడ్డు మీద కారు ఆపనివ్వరు. ఒక కారు గ్యారేజీ ఉన్న టౌన్‌హోమ్ తీసుకుంటే రెండో కారు ఎక్కడ పెట్టాలో కాలనీ అసోసియేషన్‌ను ముందే అడగండి.