క్రెడిట్ కార్డు మీద తప్పుగా పడ్డ ఛార్జీలు వాపసు తెచ్చుకోవడం: దరఖాస్తు విధానం

బతుకమ్మ చీరలు కొనడానికి పరకాల నుంచి హన్మకొండ చౌరస్తాకు వచ్చిన మా చిన్నమ్మకు ఒక షాపింగ్ మాల్ గుమ్మంలోనే క్రెడిట్ కార్డు అంటగట్టారు. బల్ల వేసుకుని కూర్చున్న పిల్లగాడు "లైఫ్‌టైమ్ ఫ్రీ మేడమ్, ఒక్క రూపాయి ఉండదు" అన్నాడు, వాట్సాప్‌లో కూడా అదే మెసేజ్ పెట్టాడు. రెండు మూడు సార్లు వాడి బీరువాలో పడేసింది. రెండో ఏడాది స్టేట్‌మెంటులో యాన్యువల్ ఫీజు 999 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 179 రూపాయల 82 పైసలు పడ్డాయి. ఆమె చూసుకోలేదు. తర్వాతి నెల లేట్ ఫీజు, ఆ పై నెల ఇంకో లేట్ ఫీజు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "మాఫీ కుదరదు మేడమ్" అన్నారట. "విడిచిపెట్టు బిడ్డా, కట్టేసి వదిలించుకుంట" అంది నాతో.

కట్టనివ్వలేదు. పైసలు వాపసు వచ్చాయి, కానీ ఒక్క ఫోన్‌తో కాదు. ఆ పని చేస్తూ నేర్చుకున్న పద్ధతి ఇది.

మాఫీ అని అడగొద్దు

చిన్నమ్మ ఫోన్‌లో అన్న మాట "కొంచెం మాఫీ చేయండి సార్" అని. పని చెడింది అక్కడే. మాఫీ అడిగామంటే ఛార్జీ సరైనదేనని మనమే ఒప్పుకున్నట్టు. ఇక దయ చూపడం, చూపకపోవడం వాళ్ల ఇష్టం. నియమానికి విరుద్ధంగా వేసిన ఛార్జీ అయితే "ఇది తప్పుగా వేశారు, రివర్స్ చేయండి, నా ఫిర్యాదు నమోదు చేసి నంబర్ ఇవ్వండి" అనాలి. మొదటిది ఉత్త రిక్వెస్ట్, రెండోది కంప్లయింట్. రేపు రిజర్వు బ్యాంకు దాకా పోవాల్సి వస్తే చేతిలో ఉండాల్సింది కంప్లయింట్ నంబరే. అరగంట ఫోన్‌లో మాట్లాడినా నంబర్ లేకపోతే ఆ మాటలకు లెక్క లేదు.

ఏ ఛార్జీ తప్పు, ఏది కాదు

క్రెడిట్ కార్డుల మీద ఆర్‌బీఐ 2022 ఏప్రిల్ 21న ఆదేశాలిచ్చింది. ఆ ఏడాది జూలై 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. 2024 మార్చిలో కొన్ని సవరణలు కూడా జరిగాయి. మనకు పనికొచ్చే నియమాలన్నీ వీటి నుంచి వచ్చినవే.

లేట్ ఫీజు సంగతి ముందు చెప్పాలి, ఎక్కువ మంది నష్టపోయేది దీనితోనే. కట్టాల్సిన తేదీ దాటి మూడు రోజులకు మించితేనే లేట్ ఫీజు వేయాలి. గడువు 10వ తేదీ అనుకోండి, 13న కట్టినా లేట్ ఫీజు పడకూడదు. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మిన పైసలు ఖాతాలో పడేదాకా ఆగి, ఒకటి రెండు రోజులు ఆలస్యంగా బిల్లు కట్టేవాళ్లకు ఈ మూడు రోజులు చాలా విలువైనవి. కాకపోతే ఈ వెసులుబాటు లేట్ ఫీజుకే, వడ్డీకి కాదు.

రెండో సంగతి, లేట్ ఫీజును గడువు తర్వాత మిగిలిన బాకీ మీదే లెక్కగట్టాలి, మొత్తం బిల్లు మీద కాదు. 24,600 రూపాయల బిల్లులో గడువులోపు 24,000 కట్టి 600 మర్చిపోయారనుకోండి. 24,600కు ఉండే లేట్ ఫీజు వేస్తే అది తప్పు, 600కు ఎంత ఉంటుందో అంతే వేయాలి. కట్టని ఫీజులను, పన్నులను అసలులో కలిపి వాటి మీద మళ్లీ వడ్డీ వేయడం కూడా కుదరదు.

కార్డు ఇచ్చేటప్పుడు స్పష్టంగా చెప్పని, మీరు ఒప్పుకోని ఛార్జీ తర్వాత వేయకూడదు. ఉన్న ఛార్జీని పెంచాలన్నా కనీసం నెల రోజుల ముందు తెలియజేయాలి. మా చిన్నమ్మ కేసు నిలబడింది ఈ నియమం మీదే. లిమిట్ దాటినందుకు వేసే ఓవర్‌లిమిట్ ఛార్జీకి మీ అనుమతి ముందే ఉండాలి. కార్డుతో పాటు అంటగట్టే ఇన్సూరెన్స్ ప్రీమియానికీ అంతే.

అడగకుండానే కార్డు పంపి, మీ అనుమతి లేకుండా యాక్టివేట్ చేసి బిల్లు వేస్తే బ్యాంకు ఆ ఛార్జీలన్నీ రివర్స్ చేయడమే కాదు, వాటికి రెండింతలు మీకు జరిమానాగా చెల్లించాలి. ఈ మాట ఫిర్యాదులో రాయడం మర్చిపోవద్దు. చాలామంది అసలు మాత్రం వాపసు తీసుకుని ఊరుకుంటారు.

ఇక అడిగినా లాభం లేనివి. మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం, కట్టి మిగతాది వదిలేస్తే పడే వడ్డీ న్యాయమైనదే. నెలకు మూడున్నర శాతం అంటే చిన్నగా కనిపిస్తుంది, ఏడాదికి 42 శాతం. ఏటీఎంలో క్రెడిట్ కార్డు పెట్టి నగదు తీస్తే పడే ఫీజు కూడా అంతే, ముందే షరతుల్లో ఉంటుంది. వీటికైతే నిజంగానే మాఫీ అడగాలి. ఏళ్లుగా సరిగ్గా కడుతున్న కస్టమర్ మొదటిసారి అడిగితే ఒక్కోసారి ఒప్పుకుంటారు. దీని కోసం బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అధికారి, అంటే అంబుడ్స్‌మన్ దాకా పోతే టైమ్ దండగ.

జమ చేసుకోవాల్సిన కాగితాలు

ఛార్జీ పడ్డ నెల స్టేట్‌మెంటు, దానికి ముందు నెలది, తర్వాతి నెలది పీడీఎఫ్‌గా దించుకోండి. కార్డుతో వచ్చిన కవరులో షరతుల కాగితం ఉంటుంది, చాలా ఇళ్లలో అది చెత్తలో పోతుంది. పోతే బ్యాంకు యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో దొరుకుతుంది. బిల్లు కట్టిన రుజువు యూపీఐ యాప్‌లో ఉంటుంది. ఆ స్క్రీన్‌షాట్‌లో తేదీ, యూటీఆర్ నంబర్ (ఆ చెల్లింపుకు ఉండే గుర్తింపు సంఖ్య) రెండూ కనబడాలి. ఏజెంటు పంపిన మెసేజ్‌లు ఉంటే అస్సలు తీసేయొద్దు. చిన్నమ్మ ఫోన్‌లో ఆ వాట్సాప్ మెసేజ్ దొరక్కపోయి ఉంటే మా పని సగంలో ఆగేది.

ఎక్కడ రాసినా కార్డు చివరి నాలుగు అంకెలు చాలు. పూర్తి నంబర్, సీవీవీ, పిన్, ఓటీపీ ఎవరికీ ఇవ్వొద్దు. కస్టమర్ కేర్ నంబర్‌ను గూగుల్‌లో వెతక్కండి, కార్డు వెనకాల, స్టేట్‌మెంటులో ఉన్నదే వాడండి. "మీ రిఫండ్ వచ్చింది, ఈ యాప్ ఇన్‌స్టాల్ చేయండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే అది దొంగ ఫోనే. అప్పటికే పైసలు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి.

బ్యాంకుకు దరఖాస్తు

మొదటి మెట్టు బ్యాంకే. నేరుగా ఆర్‌బీఐకి పోతే వెనక్కి పంపిస్తారు. యాప్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, కానీ నాకు ఈమెయిల్ మీదే నమ్మకం ఎక్కువ. తేదీతో సహా మన దగ్గర ఉండిపోతుంది. బ్యాంకులో రిజిస్టర్ అయిన ఈమెయిల్ నుంచే పంపండి. బ్రాంచికి పోయి కాగితం ఇచ్చేవాళ్లు రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. ఒక చిక్కుంది. కొన్ని కార్డులు బ్యాంకు పేరుతో ఉన్నా జారీ చేసేది వేరే కంపెనీ. అప్పుడు బ్రాంచివాళ్లు "కార్డుల సంగతి మాది కాదు" అంటారు, అది అబద్ధమూ కాదు. స్టేట్‌మెంటు మీద జారీ చేసినవారి పేరు, ఫిర్యాదుల చిరునామా ఉంటాయి, దానికే పంపాలి.

ఉత్తరం చిన్నగా ఉండాలి. కోపం, బాధ, పాత అనుబంధం ఏదీ అక్కర్లేదు. మేం రాసింది దాదాపు ఇలా ఉంది:

"విషయం: చివరి నాలుగు అంకెలు ఫలానా గల కార్డుపై తప్పుగా వేసిన ఛార్జీల రివర్సల్ కోసం ఫిర్యాదు.

అయ్యా, పై కార్డును నాకు జీవితకాలం ఉచితమని చెప్పి ఇచ్చారు. మీ ప్రతినిధి పంపిన మెసేజ్ జతచేశాను. అయినా ఫలానా తేదీ స్టేట్‌మెంటులో వార్షిక రుసుము రూ.999, జీఎస్టీ రూ.179.82, ఆ తర్వాత ఈ బాకీ మీదే లేట్ ఫీజులు వేశారు. కార్డు ఇచ్చేటప్పుడు తెలపని, నేను అంగీకరించని ఛార్జీ వేయడం క్రెడిట్ కార్డులపై ఆర్‌బీఐ ఆదేశాలకు విరుద్ధం. కాబట్టి ఈ మొత్తాలను జీఎస్టీతో సహా రివర్స్ చేయాలి. సిబిల్ లాంటి క్రెడిట్ బ్యూరోకు నా పేరు బాకీదారుగా పంపి ఉంటే సరిచేయాలి. ఛార్జీ సరైనదేనని మీరు భావిస్తే, నేను అంగీకరించినట్టు చూపే పత్రం పంపాలి. ఫిర్యాదు నంబర్ తెలియజేయగలరు."

చివర్లో పత్రం అడిగిన వాక్యమే అసలు బలం. బిల్లును కస్టమర్ తప్పుపడితే, కార్డు జారీ చేసినవారు వివరణ ఇవ్వాలి, అవసరమైతే 30 రోజుల్లోపు పత్రాలతో రుజువు చూపాలి. బల్ల దగ్గర ట్యాబ్ మీద సంతకం తీసుకున్న పిల్లగాడు ఏం నింపాడో అప్పుడు బయటపడుతుంది. అందులో నిజంగానే ఫీజు రాసి ఉండి, కింద మీ సంతకమో ఓటీపీ ఒప్పుకోలో ఉంటే మీ వాదన బలహీనపడుతుంది. అది కూడా ముందే తెలియడం మంచిదే.

కస్టమర్ కేర్ సరిగ్గా జవాబివ్వకపోతే అదే ఈమెయిల్‌ను పాత నంబర్‌తో సహా గ్రీవెన్స్ ఆఫీసర్‌కు, ఆపైన ప్రిన్సిపల్ నోడల్ ఆఫీసర్‌కు పంపండి. వాళ్ల వివరాలు బ్యాంకు వెబ్‌సైట్‌లో పెట్టాలి, ఉంటాయి. ఆర్‌బీఐకి పోయే ముందు బ్యాంకు జవాబు కోసం ఆగాల్సిన 30 రోజులు, పైకి పంపిన ప్రతిసారీ మళ్లీ మొదలవుతాయనుకోవద్దు, మొదటి ఫిర్యాదు తేదీనే లెక్క.

ఈలోగా బిల్లు సంగతేమిటి? మీరు నిజంగా వాడుకున్న మొత్తాన్ని గడువులోపు కట్టేయండి. తప్పుడు ఛార్జీని కట్టకుండా పట్టుబట్టడం న్యాయమే కావచ్చు, కానీ హోమ్ లోన్‌కో పంట రుణానికో తిరుగుతున్నవాళ్లు వెయ్యి రూపాయల కోసం సిబిల్ స్కోరు పోగొట్టుకోవద్దు. అభ్యంతరం రాతపూర్వకంగా చెప్పి కట్టేసి, తర్వాత వాపసు తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. తప్పుగా పంపిన వివరాలు సరిచేయమని క్రెడిట్ బ్యూరోకు కూడా రాయొచ్చు. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం వస్తుంది.

30 రోజులైనా తేలకపోతే

బ్యాంకు కాదన్నా, సగమే ఇచ్చినా, 30 రోజులు జవాబే లేకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. 2021 నవంబర్ 12 నుంచి దేశమంతటికీ ఒకే పథకం ఉంది. వరంగల్ వాళ్లు హైదరాబాద్ సైఫాబాద్‌లోని ఆర్‌బీఐ ఆఫీసు మెట్లెక్కాల్సిన పని లేదు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. ఇంకా ఆగుదాంలే అని నెలలు గడపొద్దు, పథకంలో గడువు ఉంటుంది.

వెబ్‌సైట్ సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్. ఫిర్యాదు దాఖలు చేసే లింకు నొక్కి పేరు, మొబైల్ నంబర్ ఇస్తే ఓటీపీ వస్తుంది. తర్వాత బ్యాంకు పేరు ఎంచుకోవాలి. ఇక్కడ కూడా జారీ చేసిన కంపెనీ పేరు సరిగ్గా చూసుకోండి. ముందుగా బ్యాంకుకు ఫిర్యాదు చేశారా అని అడుగుతుంది. అవునని చెప్పి తేదీ వేసి, ఆ ఈమెయిల్ కాపీ జతచేయాలి. ఇదే విషయం కోర్టులోనో వినియోగదారుల కమిషన్‌లోనో నడుస్తుంటే ఇక్కడ తీసుకోరు. వివాదంలో ఉన్న మొత్తం రాసేచోట జీఎస్టీ కలిపి రాయండి. చివర్లో వచ్చే ఫిర్యాదు నంబర్‌ను ఫొటో తీసి పెట్టుకుంటే, అదే వెబ్‌సైట్‌లో ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవచ్చు.

ఇంగ్లీషు ఫారాలంటే టెన్షన్ పడేవాళ్లు తెలుగులోనే కాగితం మీద రాసి పోస్టులో పంపొచ్చు. ఏ భాషలో వచ్చినా తీసుకుంటారు. చిరునామా: సెంట్రలైజ్డ్ రిసీప్ట్ అండ్ ప్రాసెసింగ్ సెంటర్, భారతీయ రిజర్వు బ్యాంకు, సెంట్రల్ విస్టా, సెక్టార్ 17, చండీగఢ్ 160017. పిల్లలెవరైనా దగ్గరుంటే ఆన్‌లైనే నయం, కాగితంలో ఒక్క వివరం తగ్గినా ఆలస్యమవుతుంది. సందేహాలకు 14448కి ఫోన్ చేస్తే తెలుగులో కూడా మాట్లాడతారు.

పైసలు పడ్డాక

చిన్నమ్మ విషయం ఆర్‌బీఐ దాకా పోలేదు. నోడల్ ఆఫీసర్‌కు రాశాక 22వ రోజున "మీ ఛార్జీలు రివర్స్ చేశాం" అని మెసేజ్ వచ్చింది. ఆమె సంబరపడి ఫోన్ చేసింది. స్టేట్‌మెంటు వచ్చాక చూస్తే 999 రూపాయలు, లేట్ ఫీజులు పోయాయి, జీఎస్టీ మాత్రం అలాగే ఉంది. మళ్లీ రెండు వాక్యాల ఈమెయిల్ పెడితే అదీ పోయింది. అందుకే మెసేజ్ చూసి ఆగిపోకుండా తర్వాతి స్టేట్‌మెంటులో ప్రతి పద్దూ సరిచూసుకోవాలి. ముందే కట్టేసి ఉంటే ఆ మొత్తం కార్డులో జమగా కనబడుతుంది, అడిగితే బ్యాంకు ఖాతాకు పంపాలి.

తర్వాత కార్డు మూసేయమని రాశాం. బాకీ ఏమీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూసేయాలి, లేకపోతే ఆ తర్వాత రోజుకు 500 రూపాయల చొప్పున కస్టమర్‌కు చెల్లించాలి. ఆ వాక్యం ఉత్తరంలోనే రాశాం, ఆరో రోజున మూసేసినట్టు ఈమెయిల్ వచ్చింది.