ఫ్రిజ్ తలుపు రబ్బరు సరిచేసుకుంటే కరెంటు ఆదా

ఏడాది పొడవునా రాత్రింబవళ్లు నడిచే పరికరం ఫ్రిజ్ కాబట్టి, కరెంటు బిల్లు తగ్గించుకోవాలనుకునేవారు ముందుగా దాని తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీని పరీక్షించుకోవడం మంచిది. పది రూపాయల నోటు సగం లోపల, సగం బయట ఉండేలా పెట్టి తలుపు మూసి, మెల్లగా లాగి చూడండి. నోటు బిగువు లేకుండా జారి వచ్చేస్తే, అక్కడ చల్లదనం బయటికి పోతోందని, కంప్రెసర్ అవసరానికి మించి పనిచేస్తోందని అర్థం. తలుపు చుట్టూ, ముఖ్యంగా కింది మూలల్లో, ఇలాగే చూడాలి.

చాలాసార్లు రబ్బరు చెడిపోదు, మురికి పట్టి ఉంటుంది, అంతే. ప్లగ్గు తీసేసి, గోరువెచ్చని సబ్బునీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో మడతల్లో పేరుకున్న నల్లటి జిడ్డును ఓపికగా తోమి, పొడిగుడ్డతో తుడవండి. అయినా ఒకచోట రబ్బరు నొక్కుకుపోయి ఉంటే, వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను అక్కడ కొన్ని నిమిషాలు అదిమి ఉంచి, మెత్తబడ్డాక వేళ్లతో బయటికి లాగి, తలుపు మూసి చల్లారనివ్వాలి. చిరిగిన రబ్బరుకు జిగురు పూయడం వృథా ప్రయాసే. మోడల్ నంబరు చూపించి కొత్తది తెచ్చుకోవాలి. ఫ్రిజ్ వెనుక గాలి ఆడేలా గోడకు కాస్త ఎడం వదిలి, లోపలి ఉష్ణోగ్రతను 3 నుంచి 5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచితే సరిపోతుంది.