కిలిమంజారో ఎక్కడానికి పర్మిట్: దరఖాస్తు ఎలా?

జనవరి 26, ఆగస్టు 15 వచ్చాయంటే కిలిమంజారో కొనకొమ్మైన ఉహురు శిఖరం మీద జెండా పట్టుకున్న మనవాళ్ల ఫొటోలు పేపర్లో కనిపిస్తుంటాయి. అవి చూసి చాలామంది పర్మిట్ ఫారం ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. మనం నేరుగా నింపే ఫారమేదీ లేదు. టాంజానియాలో లైసెన్సున్న ట్రెక్కింగ్ కంపెనీయే మన పేరు మీద కిలిమంజారో నేషనల్ పార్కులో బుక్ చేసి, ఫీజు కట్టాలి. గైడు లేకుండా కొండ ఎక్కనివ్వరు.

కాబట్టి మన పనల్లా కంపెనీని సరిగ్గా ఎంచుకోవడమే. ముందు లైసెన్సు కాపీ అడగండి. తర్వాత పార్కు ఫీజులు మీరే లెక్కేసుకోండి. కొండెక్కే దారుల్లో ఒకటైన మచామే దారిలో ఏడు రోజులు, ఆరు రాత్రులు అనుకుందాం. విదేశీయులకు ప్రవేశ రుసుము రోజుకు 70 డాలర్ల చొప్పున 490, టెంటు వేసినందుకు రాత్రికి 50 చొప్పున 300, రెస్క్యూ ఫీజు 20. మొత్తం 810 డాలర్లు. దానిపై 18 శాతం వ్యాట్ కలిపితే దాదాపు 956. గైడు, వంటమనిషి, కూలీల జీతాలు, తిండి, టెంట్లు ఇంకా ఇందులో లేవు. ఎవరైనా అన్నీ కలిపి వెయ్యి డాలర్లే అంటే, ఆ తేడా కూలీల పొట్ట కొట్టే పూడుస్తారు. అలాంటి బేరం వద్దు.

కంపెనీకి పాస్‌పోర్ట్ మొదటి పేజీ స్కాన్, వెళ్లే తేదీలు, దారి పేరు పంపితే చాలు. వీసా మాత్రం మీరే టాంజానియా ఇమ్మిగ్రేషన్ సైట్‌లో పెట్టుకోవాలి. పాస్‌పోర్ట్‌కు ఆరు నెలల గడువు ఉండాలి. విమానం అడిస్ అబాబా లేదా నైరోబీ మీదుగా వెళ్లి అక్కడ 12 గంటలకు మించి ఆగితే ఎల్లో ఫీవర్ టీకా కార్డు అడుగుతారు. హైదరాబాద్‌లో ఆ టీకా నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. వేసిన పది రోజులకు గానీ కార్డు చెల్లదు, ఆఖరి వారం దాకా ఆగి టెన్షన్ పడొద్దు. ఇన్సూరెన్స్ ఆరు వేల మీటర్ల దాకా ట్రెక్కింగ్‌కు వర్తిస్తుందో లేదో చదివి చూసుకోండి. 20 డాలర్ల రెస్క్యూ ఫీజు కట్టాం కదా అని హెలికాప్టర్ రాదు.

గేటు దగ్గర పెద్ద రిజిస్టర్ ఉంటుంది. పేరు, వయసు, పాస్‌పోర్ట్ నంబరు, వృత్తి రాసి సంతకం పెట్టాలి. ప్రతి క్యాంపులోనూ మళ్లీ ఇదే తంతు. పక్కనే కూలీల మూటలు కాటా వేస్తుంటారు, మనిషికి 20 కిలోలు మించకూడదు. వాడి పారేసే ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు లోపలికి రానివ్వరు. ప్లాస్టిక్ సంచులైతే 2019 జూన్ నుంచి దేశమంతటా నిషేధం.

మచామే దారిలో వెళ్లినవాళ్లు దిగే మ్వెకా గేటులో చివరి సంతకం పెడితే సర్టిఫికెట్ ఇస్తారు. 5,895 మీటర్ల ఉహురు చేరినవాళ్లకు ఒకటి, దానికి కాస్త కింద, 5,756 మీటర్ల స్టెల్లా పాయింట్ దగ్గరే ఆగినవాళ్లకు ఇంకొకటి. పేరు రాసేటప్పుడు పక్కనే నిలబడి పాస్‌పోర్ట్ చూపించండి. మన ఇంటిపేరు ముందు రాయాలో వెనక రాయాలో వాళ్లకేం తెలుసు!