స్టీల్‌హెడ్ వేటకు వెళ్తున్నారా? ముందు నీళ్ళ సంగతి చూసుకోండి

గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చాయంటే పులస కోసం మా ఊళ్ళో ఎలా ఎదురుచూసేవాళ్ళో, ఇక్కడ మిషిగన్‌లో అక్టోబరు వచ్చిందంటే స్టీల్‌హెడ్ కోసం అలా ఎదురుచూస్తారు. పులస సముద్రం నుంచి ఏటికి ఎదురీదినట్టే ఇది పెద్ద సరస్సుల నుంచి నదుల్లోకి ఎక్కుతుంది. నిజానికి ఇది రెయిన్‌బో ట్రౌట్ అనే చేపే. పసిఫిక్ తీరపు చేపని 1876లో తెచ్చి ఇక్కడి ఆ సేబుల్ నదిలో వదిలారు. సెప్టెంబరు, అక్టోబరుల్లో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి వస్తే, ఆ గుడ్లు తినడానికి వాటి వెనకే స్టీల్‌హెడ్ వస్తుంది. మస్కీగన్, మనిస్టీ లాంటి నదుల్లో డిసెంబరు దాకా దొరుకుతుంది.

మనవాళ్ళు చాలామంది ఈ మధ్య గాలం పట్టుకుని బయల్దేరుతున్నారు. సంతోషమే. కానీ చిన్నప్పుడు కాలవలో ఈదాం కదా అనే ధైర్యంతో ఈ నదుల్లోకి దిగకండి. అక్కడి నీళ్ళు వేరు, ఇక్కడి నీళ్ళు వేరు.

అక్టోబరులో మధ్యాహ్నం ఎండ 65 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండొచ్చు. అదే రోజు నదిలో నీళ్ళు 50కి దిగి ఉంటాయి. నవంబరులో ఇంకా తక్కువ. ఆ నీళ్ళలో పడితే మొదట జరిగేది మునగడం కాదు, ఊపిరి అదుపు తప్పడం. ఎగశ్వాస వచ్చి, నోరు తెరిచిన ఆ క్షణంలో తల నీళ్ళలో ఉంటే నీళ్ళు మింగేస్తాం. కెనడాలో మానిటోబా యూనివర్సిటీ ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చల్లటి నీళ్ళ ప్రమాదాల గురించి 1-10-1 అనే లెక్క చెబుతారు. ఊపిరి నిలదొక్కుకోవడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్ళూ మన మాట వినేది సుమారు పది నిమిషాలు, చలికి స్పృహ తప్పడానికి దాదాపు గంట. కాబట్టి పడగానే కంగారుగా ఈదొద్దు. ఆ మొదటి నిమిషం వెల్లకిలా తేలుతూ ఊపిరి మీదే ధ్యాస పెట్టండి.

రెండేళ్ళ క్రితం నవంబరులో మా బావమరిదికి మంచి చేప పడింది. పడగానే అది నీళ్ళలోంచి ఎగిరి, కిందికి లాక్కుని పోయింది. "బావా, పోతోంది బావా!" అని అరుస్తూ వాడు నదిలోనే దాని వెంట పరుగు. నాచు పట్టిన బండ మీద కాలు జారి, నడుముల్లోతు నీళ్ళలో బోర్లా పడ్డాడు. నడుముకి బెల్టు ఉండబట్టి వేడర్స్‌లోకి (నదిలో దిగేటప్పుడు వేసుకునే, నీళ్ళు చొరని పొడవాటి ప్యాంటు) నీళ్ళు గబుక్కున ఎక్కలేదు. ప్రవాహంలో ఇరవై అడుగుల దూరం కొట్టుకుపోయి ఒడ్డుకి వచ్చాడు. పట్టుమని అయిదు నిమిషాలు కూడా నీళ్ళలో లేడు. అయినా కారు దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు కొయ్యబారిపోయాయి. జాకెట్ జిప్పు పట్టుకోలేకపోయాడు, తాళం మీద బటన్ నొక్కలేకపోయాడు. బొటనవేలు దాని మీద పెట్టి చూస్తున్నాడు, అది నొక్కుకోవడం లేదు. నేను పక్కన లేకపోతే కారు ముందే నిలబడి గడ్డకట్టేవాడు.

అందుకే నా మొదటి మాట: ఒంటరిగా వెళ్ళొద్దు. రెండోది: చేప పడితే పరుగెత్తొద్దు. చేప కోసం వెతికేటప్పుడే కాదు, పడిన సంబరంలోనూ కాలు జారుతుంది. నదిలోకి దిగకముందే కింద ఏముందో నడిచి చూసుకుని, చేపని ఏ ఒడ్డుకి తెచ్చుకోవాలో అనుకుని పెట్టుకోండి. అక్కడిదాకా రాకపోతే దారం తెంపేయండి. పోతే పోయింది.

వేడర్స్ వేసుకున్నవాళ్ళు బెల్టు గట్టిగా బిగించాలి, వదులుగా కాదు. నీళ్ళు నిండితే వేడర్స్ మనిషిని అడుక్కి లాగేస్తాయని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. నీళ్ళలో ఉన్నంతసేపు ఆ నీళ్ళ బరువు తెలియదు, ఒడ్డు ఎక్కేటప్పుడే ఎక్కలేక ఇబ్బంది పడతాం. బూట్ల అడుగున మేకులున్నవి తీసుకోండి. చేతికర్ర తప్పనిసరి. లోపల జీన్స్, నూలు బట్టలు వద్దు. తడిస్తే అవి ఒంటి వేడిని పీల్చేస్తాయి. ఉన్ని, ఫ్లీస్ మేలు. నడుముకి కట్టుకునే గాలి లైఫ్ జాకెట్లు దొరుకుతున్నాయి, గాలం వెయ్యడానికి అడ్డం రావు. ఇంకో జత బట్టలు, తువ్వాలు, ఫ్లాస్కులో వేడి టీ కారులో ఉండాలి. మందు మాత్రం వద్దు. చలికి వెచ్చగా ఉంటుందని రెండు పెగ్గులు వేసుకుని దిగేవాళ్ళని చూశాను. మందు చర్మానికి వెచ్చగా అనిపిస్తుందే గానీ ఒంట్లో వేడి బయటికి పోతుంది, నిలకడ కూడా తప్పుతుంది. ఎవరైనా వణుకుతూ, మాట తడబడుతూ ఉంటే తడిబట్టలు విప్పించి ఛాతీ, మెడ దగ్గర వెచ్చబెట్టండి. చేతులూ కాళ్ళూ రుద్దకండి. వణుకు ఆగిపోయి మనిషి మత్తుగా ఉంటే 911కి ఫోన్ చేయాల్సిందే.

తొడల లోతు దాటి దిగొద్దు. ప్రవాహానికి ఎదురుగా కాస్త ఏటవాలుగా తిరిగి, పక్క అడుగులు వేస్తూ, ఒక కాలు కుదురుకున్నాకే రెండోది ఎత్తండి. కొట్టుకుపోతే కాళ్ళు ముందుకు, ప్రవాహం వెళ్ళే వైపుకి పెట్టి వెల్లకిలా తేలండి. వడి నీళ్ళలో లేచి నిలబడాలని చూడకండి, రాళ్ళ మధ్య పాదం ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది. పడిపోయిన చెట్ల వైపు అసలు పోవద్దు. కొమ్మల మధ్య నుంచి నీళ్ళు పోతాయి, మనిషి ఆగిపోతాడు.

ధవళేశ్వరం దగ్గర పులస ఆగినట్టే మనిస్టీ నదిలో టిప్పీ డ్యామ్, మస్కీగన్‌లో క్రోటన్ డ్యామ్ దగ్గర చేప ఆగుతుంది. అందుకే అక్కడ జనం. ఏ డ్యామ్ కింద వేస్తున్నా దిగేముందు నీటి అంచున ఒక రాయి గుర్తుపెట్టుకుని మాటిమాటికీ చూడండి. రాయి మునుగుతుంటే డ్యామ్ నుంచి నీళ్ళు పెరుగుతున్నట్టే, గాలం చుట్టేసి ఒడ్డెక్కండి. వాన పడ్డాక నది ఎలా ఉందో యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) వెబ్‌సైట్లో ముందే తెలుస్తుంది. నీళ్ళు పెరుగుతున్న రోజు చేప బాగా ఎక్కుతుందనేది నిజమే, కానీ కొత్తవాళ్ళు ఆ రోజు ఒడ్డు మీదే ఉండాలి.

నవంబరు మొదటి ఆదివారం గడియారం వెనక్కి తిప్పగానే సాయంత్రం అయిదున్నరకల్లా చీకటి. తలకి లైటు పెట్టుకోండి. నవంబరు 15 నుంచి 30 దాకా తుపాకీతో జింకల వేట. నది పక్క అడవుల్లో నడవాలంటే నారింజ రంగు టోపీ, జాకెట్ వేసుకోండి. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. కారు ఎక్కడ ఆపుతున్నారో, ఎన్ని గంటలకి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్ళండి.

పిల్లలతో వెళ్ళేవాళ్ళకి నా సలహా స్టీల్‌హెడ్ కాదు, స్మాల్‌మౌత్ బాస్ అనే చేప. నీళ్ళు 50 డిగ్రీలకి దిగితే అది లోతు మడుగుల్లో చేరి నెమ్మదిస్తుంది. ఒడ్డున నిలబడే వేయొచ్చు, నీళ్ళలో దిగే పనే లేదు. ఒడ్డునే కదా అని పిల్లలకి లైఫ్ జాకెట్ మానొద్దు. కళ్ళద్దాలు అందరికీ ఉండాలి, గాలం కంటికి తగిలితే అంతే.

మిషిగన్‌లో 17 ఏళ్ళు నిండిన ప్రతివాళ్ళకీ లైసెన్స్ కావాలి. కొక్కెం నోటికి కాకుండా ఒంటికి తగిలిన చేపని వదిలేయాలి, కావాలని అలా గుచ్చి లాగడం నేరం. అక్టోబరు, నవంబరుల్లో బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెడుతుంది. చుట్టూ రాళ్ళు నాచుతో నల్లగా ఉండి, మధ్యలో చాపంత మేర గులకరాళ్ళు తోమినట్టు తెల్లగా కనిపిస్తే అది గుడ్ల గూడు. దాని మీద కాలు పెట్టకండి.

ఇక తినే విషయం. మనం తలతో, తోలుతో, జనతో సహా పులుసు పెడతాం. ఈ నీళ్ళలో పీసీబీలనే రసాయనాలు చేప కొవ్వులో పేరుకుంటాయి. తోలు తీసి, పొట్ట దగ్గర, వీపు మీద ఉన్న కొవ్వు కోసేస్తే సగం దాకా తగ్గుతాయి. పాదరసం, పీఎఫ్ఏఎస్ అనే ఇంకో రకం రసాయనాలు మాత్రం కండలోనే ఉంటాయి, కోసినా పోవు. 2018లో పీఎఫ్ఏఎస్ వల్లే హ్యూరాన్ నదిలో చేపలు తినొద్దని రాష్ట్ర ఆరోగ్య శాఖ చెప్పింది. ఏ నది చేప నెలకి ఎన్నిసార్లు తినొచ్చో ఆ శాఖ ఈట్ సేఫ్ ఫిష్ గైడ్‌లో నది వారీగా ఇస్తుంది. గర్భిణులకీ పిల్లలకీ వండేముందు తప్పకుండా చూడండి. తల, జన వదులుకోవడం నాకూ కష్టంగానే ఉంది, అయినా వదిలేశాను. పులుసులో అయితే కరిగిన కొవ్వంతా పులుసులోనే ఉండిపోతుంది. అందుకే మా ఇంట్లో ముక్కల్ని ముందు గ్రిల్ మీద కొవ్వు కారేదాకా కాల్చి, మరుగుతున్న చింతపండు పులుసులో చివర్లో వేస్తున్నాం. ముక్క చిదరడం కూడా లేదు.