రికవరీ కోచ్‌లకు శిక్షణ ఇవ్వడం ఎలా: గదిలో ఏం చేయించాలి, ఎక్కడ తప్పుతుంది

మద్యం, మాదకద్రవ్యాల వ్యసనం నుంచి బయటపడి, అదే ప్రయత్నంలో ఉన్న మరొకరికి తోడుగా నిలిచేవారే పీర్ రికవరీ కోచ్‌లు. కొంతకాలం కోచ్‌గా పనిచేసి, ఇప్పుడు కొత్తవారికి శిక్షణ ఇవ్వబోతున్నవారి కోసం రాసిన వివరాలివి. బాగా పనిచేసే కోచ్‌లందరూ బాగా నేర్పలేరు. కొత్తవారికి అనుభవం తక్కువేమీ ఉండదు, పుష్కలంగా ఉంటుంది. దాన్ని ఎప్పుడు బయటకు తీయాలో, ఎప్పుడు నోరు మూసుకుని వినాలో నేర్పడమే అసలు పని. కోర్సులో సగం సమయం దీనికే పోతుంది. పోవాలి కూడా.

ఎవరిని తీసుకోవాలి, ఎన్ని గంటలు

ఒక బ్యాచ్‌కు 12 నుంచి 15 మంది చాలు. శిక్షకులు ఇద్దరుండాలి. ఈ కోర్సులో ఎవరో ఒకరు మధ్యలో కదిలిపోయి బయటికి వెళ్లడం మామూలే. అప్పుడు ఒకరు వారి వెంట వెళ్తే మరొకరు గదిలో పని నడిపిస్తారు. ఒంటరిగా నడిపితే ఏదో ఒకవైపు అన్యాయం జరుగుతుంది.

మానేసి కనీసం ఏడాది దాటినవారిని తీసుకోవడం మంచిది. అయితే ఏళ్ల లెక్క ఒక్కటే చూడకండి. ముందే మాట్లాడి మూడు విషయాలు తెలుసుకోండి: ఇప్పుడు వారికి అండగా ఎవరున్నారు, ఒత్తిడి పెరిగితే ఏం చేస్తారు, తాము మానిన పద్ధతి కాక వేరే పద్ధతిలో కోలుకున్నవారి గురించి ఏమనుకుంటారు. మూడో ప్రశ్నకు వచ్చే జవాబు చాలా చెబుతుంది. ‘నేను చేసినట్టు చేస్తేనే మానగలరు’ అని గట్టిగా నమ్మేవారికి ఈ పని కష్టం. ఒకరు మందులతో కోలుకుంటారు, ఒకరు ప్రార్థనతో. ఇంకొకరు ముందు తగ్గించుకుని, తర్వాత మానతారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ లాంటి పన్నెండు మెట్ల సమూహాల్లో స్పాన్సర్, అంటే కొత్తవారికి తోడుండే పాత సభ్యులు, తాము నడిచిన దారినే చూపిస్తారు, అక్కడ అదే సరైనది. కోచ్ మాత్రం ఎదుటివారు ఎంచుకున్న దారిలోనే తోడు నడవాలి.

మొత్తం 30 గంటలు పెట్టుకోండి. వరుసగా 5 రోజులు, రోజుకు 6 గంటలు నడపొచ్చు. వీలైతే రెండు మూడు వారాలకు విడదీయండి, మధ్యలో సాధన చేసుకునే వ్యవధి దొరుకుతుంది. ఉపన్యాసం ఒక్కసారికి 20 నిమిషాలు దాటకూడదు. మిగతాదంతా ముగ్గురేసి గుంపుల్లో సాధన: ఒకరు మాట్లాడతారు, ఒకరు కోచ్, ఒకరు గమనిస్తారు. సంభాషణకు 8 నిమిషాలు, గమనించినవారి మాటకు 4 నిమిషాలు. ముగ్గురూ పాత్రలు మార్చుకోవడానికి 36 నిమిషాలు పడుతుంది, మీరు 45 కేటాయించండి.

మాట్లాడేవారికి ముందే ఒక షరతు చెప్పండి: కల్పించిన సమస్య వద్దు, నిజమైనదే చెప్పాలి, కానీ జీవితంలో అతి పెద్ద గాయం వద్దు. బరువు 10లో 3 లేదా 4 ఉన్నది చాలు. ఈ షరతు పెట్టకపోతే మొదటి రోజే ఎవరో ఒకరు లోతైన దుఃఖం బయటపెడతారు. దాన్ని పట్టుకోగల నేర్పు ఎదుటి కోచ్‌కు ఇంకా రాదు, ఇద్దరూ దెబ్బతింటారు.

సొంత కథను కుదించడం

మొదటి రోజు మధ్యాహ్నమే ఈ అభ్యాసం చేయించండి. ప్రతి ఒక్కరూ తమ కథను ఒక పేజీలో రాయాలి. తర్వాత 2 నిమిషాల్లో చెప్పాలి, గడియారం పెట్టి ఆపేయండి. చివరికి నాలుగు వాక్యాలకు, అంటే 30 సెకన్లకు తేవాలి. ఎంత తాగేవారు, ఏం వాడేవారు, ఎలా వాడేవారు అనే వివరాలన్నీ కొట్టేయించండి. ఇటీవలే మానినవారిలో ఆ వివరాలే కోరికను రేపుతాయి. మిగలాల్సింది ఏది మార్చింది, ఎవరు తోడున్నారు, ఇప్పుడు ఎలా ఉన్నారు అనేవే.

కథ చెప్పే ముందు కోచ్ తనను తాను అడగాల్సింది: ఇది ఎవరి కోసం? ఎదుటివారి ఒంటరితనం తగ్గించడానికైతే చెప్పొచ్చు. తన మనసు తేలికపడడానికైతే అది తన పనిని పర్యవేక్షించే సూపర్‌వైజర్ దగ్గర చెప్పుకోవాల్సిన మాట. చెప్పిన వెంటనే సంభాషణ మళ్లీ ఎదుటివారి వైపు తిరగాలి: ‘నాకు అలా జరిగింది. మీకు ఎలా ఉంది?’

వినడం నేర్పే తీరు

1983లో విలియం మిల్లర్ ప్రతిపాదించి, తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి విస్తరించిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. అందులో నాలుగు పనిముట్లు: అవును, కాదు అని తేల్చేయలేని ప్రశ్న, ఎదుటివారి బలాన్ని గుర్తించి చెప్పడం, విన్నదాన్ని అద్దంలా తిరిగి చూపడం, చివర్లో కూడగట్టి చెప్పడం. ప్రశ్నలడగడం అందరికీ త్వరగా వస్తుంది. తిరిగి చూపడమే రాదు. కాబట్టి దానికే ఎక్కువ గంటలు ఇవ్వండి.

ఒక నమూనా. ఎదుటివారు ఫోన్‌లో అంటారు: ‘అన్నా, నిన్న తాగేశాను. మూడు నెలలు ఆగి మళ్లీ అదే పని చేశాను.’

కొత్త కోచ్ జవాబు దాదాపు ఎప్పుడూ ఇలా ఉంటుంది: ‘ఏం కాదు తమ్ముడూ, నేనూ రెండుసార్లు జారినవాణ్నే. రేపు మీటింగ్‌కి వచ్చెయ్, అంతా సర్దుకుంటుంది.’ మంచి మనసుతో అన్న మాటే. కానీ ‘ఏం కాదు’ అని అతని బాధను తుడిచేసింది, మధ్యలో తన కథ తెచ్చింది, అడగకుండానే పరిష్కారం చేతిలో పెట్టింది. ఈ మూడు తప్పులను గుంపే పట్టుకునేలా చేయండి, మీరు చెప్పేయకండి.

తర్వాత ఇలా చేయించండి: ‘మూడు నెలలు కష్టపడి నిలబెట్టుకున్నది చేజారిందని బాధగా ఉంది.’ ఇక్కడ ఆగాలి. మనసులో ఐదు లెక్కపెట్టమనండి. ఆ మౌనంలోనే అసలు మాట వస్తుంది. ఆ తర్వాత: ‘తాగినా ఇవాళ దాచుకోకుండా ఫోన్ చేశావు.’ ఆపై: ‘ఇప్పుడు ఎలా ఉన్నావు? ఎవరైనా తోడున్నారా?’

మానాలా వద్దా అని ఊగిసలాడేవారికి అంకెల ప్రశ్న నేర్పండి. ‘మార్చుకోవడం మీకెంత ముఖ్యం, 0 నుంచి 10లో?’ వాళ్లు 4 అంటే ‘10 ఎందుకు కాదు?’ అని అడగకూడదు. అలా అడిగితే మానకపోవడానికి కారణాలు వరుసపెడతారు. ‘2 ఎందుకు కాదు?’ అని అడిగితే మానడానికి కారణాలు వాళ్ల నోటే వస్తాయి.

మూడో రోజు ప్రతి ఒక్కరి సంభాషణా, ఇద్దరి అనుమతితో, 10 నిమిషాలు రికార్డు చేయించి వాళ్ల చేతనే లెక్క వేయించండి: ఎన్ని ప్రశ్నలు, ఎన్నిసార్లు తిరిగి చూపారు, ఎంతసేపు కోచే మాట్లాడారు. మొదట్లో ఒక్కో ప్రశ్నకు ఒక్కసారైనా తిరిగి చూపితే ఫర్వాలేదు. ఒక ప్రశ్నకు రెండుసార్లు అన్నది చేరాల్సిన గమ్యం. కోచ్ మాట సగం సమయం దాటితే మళ్లీ చేయించాలి. రికార్డులు ఆ రోజే చెరిపేయండి.

ప్రాణం మీదికి వచ్చే సందర్భాలు

ఈ భాగాన్ని నోటికి వచ్చేదాకా చేయించాలి. రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా ఆపితే వణుకు, చెమటలు 6 నుంచి 24 గంటల్లో మొదలవుతాయి. మూర్ఛలు 6 నుంచి 48 గంటల మధ్య రావొచ్చు. మతి తప్పడం, లేనివి కనిపించడం, జ్వరం సాధారణంగా 48 నుంచి 96 గంటల మధ్య. ఇది చంపగలదు. ఆందోళనకు, నిద్రకు ఇచ్చే బెంజోడయాజిపైన్ మాత్రలు ఉన్నట్టుండి ఆపినా మూర్ఛలు వస్తాయి. ‘ధైర్యంగా ఇంట్లోనే ఆపెయ్’ అనే మాట కోచ్ నోట రాకూడదు, వైద్యుణ్ని కలవమనాలి.

ఓపియాయిడ్లు (హెరాయిన్, మార్ఫిన్ లాంటివి) మోతాదు మించితే మనిషి పిలిచినా పలకడు, ఊపిరి నెమ్మదిస్తుంది లేదా గురక పెట్టినట్టుంటుంది, పెదవులు నీలిరంగుకు మారతాయి. వెంటనే అంబులెన్స్‌ను పిలవాలి. ఓపియాయిడ్ల ప్రభావాన్ని తిప్పికొట్టే నలాక్సోన్ స్ప్రే ఉంటే ఒక ముక్కురంధ్రంలో ఒక డోసు, ఊపిరి ఆగితే 5 సెకన్లకొకసారి నోటితో శ్వాస ఇవ్వాలి. 2, 3 నిమిషాల్లో మార్పు లేకపోతే రెండో రంధ్రంలో ఇంకో డోసు. నలాక్సోన్ ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే, కాబట్టి లేచి కూర్చున్నా ఆసుపత్రికి పంపాలి. కొన్ని వారాలు ఆపినవారు పాత మోతాదే తీసుకుంటే ప్రాణాపాయం ఎక్కువ. డీటాక్స్ (శరీరం నుంచి మత్తు వదిలించే చికిత్స) నుంచో, జైలు నుంచో వచ్చిన మొదటి రోజులు ఇందుకే గండం.

ఆత్మహత్య అనుమానం వస్తే సూటిగా అడగాలి: ‘చనిపోవాలని ఆలోచిస్తున్నారా?’ అడిగితే ఆ ఆలోచన పుడుతుందని భయపడతారు, అలా పుట్టదు. ఈ ప్రశ్నను గదిలో ప్రతి ఒక్కరూ గట్టిగా పలకాల్సిందే. గదిలో పలకలేనివారికి బయట అసలు నోరు రాదు.

మందుల విషయంలో గీత స్పష్టంగా గీయండి. ఓపియాయిడ్ వ్యసనానికి చికిత్సగా ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్ వాడేవారిని ‘ఇదీ మత్తే కదా’ అనడం, ఆపమనడం కోచ్ పని కాదు. ఆ మాట విని మానేసినవారు మళ్లీ వీధిలో దొరికే మాదకద్రవ్యాలకు వెళ్లి చనిపోయే ప్రమాదం ఉంది.

హద్దులు

అప్పు ఇవ్వడం, తీసుకోవడం వద్దు. ప్రేమ, శారీరక సంబంధం వద్దు. ఫోన్ ఎత్తే వేళలు, ఎత్తని వేళల్లో ఎవరికి చేయాలో మొదటి భేటీలోనే చెప్పాలి. గోప్యతకు మినహాయింపులు కూడా అప్పుడే చెప్పాలి: తనకో, మరొకరికో, పిల్లలకో హాని జరిగేలా ఉంటే దాచలేమని. ఆపద వచ్చాక చెబితే నమ్మకద్రోహంలా ఉంటుంది.

శిక్షణలో ఉన్నవారే మళ్లీ తాగితే ఏం చేయాలన్నది బ్యాచ్ మొదలయ్యేలోపు రాసి పెట్టుకోండి. మా సలహా: శిక్ష ఉండకూడదు, దాపరికమూ ఉండకూడదు. వెంటనే ఇతరులకు సాయం చేసే పని ఆపి, వారికే సాయం అందించి, నిలదొక్కుకున్నాక మళ్లీ రావడానికి తలుపు తెరిచి ఉంచాలి. బహిష్కరిస్తారని తెలిస్తే ఎవరూ నిజం చెప్పరు.

30 గంటల తర్వాత

సర్టిఫికెట్ ఇచ్చి వదిలేస్తే నేర్చుకున్నది నెలలో కరిగిపోతుంది. కొత్త కోచ్ ముందు అనుభవజ్ఞుల సంభాషణలు మూడు చూడాలి, తర్వాత వారి సమక్షంలో మూడు తానే చేయాలి, ఆపై ఒంటరిగా. మొదటి మూడు నెలలు వారానికి ఒక గంట సూపర్‌విజన్, తర్వాత రెండు వారాలకొకసారి. ఆ గంటలో రెండు భాగాలుండాలి: మీరు తోడున్నవారి సంగతేంటి, మీ సంగతేంటి. రెండోది ఎప్పుడూ చివరికి నెట్టబడి సమయం చాలక వాయిదా పడుతుంటుంది. అందుకే దాన్నే ముందు పెట్టండి.